కొత్తగేటు ప్రాచీన మురుగుకాలువ

మా ఊరికి చరిత్ర లేదని ప్రభుత్వం వారు కాగితం పంపేదాకా మాకు ఆ లోటు తెలియలేదు. నీళ్లు లేవని తెలుసు. వీధి దీపాలు లేవని తెలుసు. ఇప్పుడు చరిత్ర కూడా లేదనేసరికి, లేనివాటిలో మరొకటి పెరిగి ఊరు ఇంకాస్త పెద్దదైనట్టనిపించింది.

మా ఊరు కొత్తగేటు. పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికేమీ లేదు. రైలు గేటు పడేది, లారీలు ఆగేవి. ఆగిన లారీల కోసం ఒక టీ బడ్డీ లేచింది. టీ తాగుతుండగా టైర్లో గాలి పోయినవాడి కోసం పంక్చరు షాపు లేచింది. గేటు ఎంతకీ ఎత్తకపోతే ఆకలేసి హోటలు లేచింది, నిద్రొచ్చి లాడ్జి లేచింది, ఆ లాడ్జి పుణ్యమా అని పోలీస్ స్టేషన్ లేచింది. ఇన్ని లేచాక పన్ను వేసేవాడు లేవకుండా ఉంటాడా? మునిసిపాలిటీ లేచింది. వానాకాలంలో దాన్నే మునిగేపాలిటీ అంటాం. గేటు పడితే ఆగినవాళ్లు మా పూర్వీకులు, గేటు ఎత్తినా కదలనివాళ్లు మా పుర ప్రముఖులు. ఇంతకు మించి మాకు చరిత్ర లేదు.

ప్రభుత్వం వారి కాగితంలో మాత్రం ఇలా ఉంది: "ప్రతి పురపాలక సంఘము తన మాస్టర్ ప్లానుకు ముందు 'పట్టణ ప్రణాళిక: చరిత్ర, ఆచరణ, ఒక పరిచయము' అను అధ్యాయమును విధిగా జతపరచవలెను. చరిత్ర లేని పట్టణముల ప్లానులు పరిశీలింపబడవు. చరిత్రలో ఉన్నదానిని ఆచరణలో చెరపరాదు."

మాకు ప్లాను ఉంది, మాస్టరే లేడు. ఆ లోటు తీర్చడానికి వచ్చినవారే పట్టణ ప్రణాళికాధికారి శోభనాచలం గారు. అంతకుముందు ఆయన ఇళ్ల ముందు టేపు పట్టుకుని, రోడ్డుకీ గోడకీ మధ్య ఖాళీ కొలుస్తూ, "సెట్‌బ్యాక్ ఎంత వదిలారు?" అని అడుగుతుండేవారు. మాకు జీవితమంతా సెట్‌బ్యాకే గనక ఎంతని చెప్పడం? అలాంటి మనిషిని రాజధానికి పంపి, ఏసీ గదిలో కూర్చోబెట్టి, ఆ పరిచయం అధ్యాయం మీద శిక్షణ ఇప్పించారు. వెళ్లినప్పుడు టేపుతో వెళ్లారు, వచ్చినప్పుడు హరప్పాతో వచ్చారు. ఎవరు కనపడినా, "అయిదు వేల ఏళ్ల కిందటే వాళ్లకి వీధి వెంట కాలువలుండేవండీ!" అని నిట్టూర్చేవారు. చచ్చినవాళ్ల ఊరికి ఉన్నది బతికున్న మా ఊరికి లేదని ఆయన దిగులు.

ఇక చరిత్ర కోసం వెతుకులాట మొదలైంది. ఊరంతా గాలించినా నాకంటే వయసైన కట్టడం ఒక్కటీ దొరకలేదు. నన్నే ఒకసారి పైనుంచి కిందికి చూశారు గానీ, నామీద ఇంటి పన్ను కట్టడం లేదని వదిలేశారు.

చివరికి చరిత్ర దొరికింది. అదీ కాలికి దొరికింది.

స్టేషన్ వీధిలో నూకరత్నం మెస్ ఉంది. పేరులో నూకలున్నాయి గానీ అన్నంలో ఉండవు. నేను రెండు పూటలా అక్కడే. మెస్ ముందు ఒక మురుగుకాలువ. దానికి మూత లేదు. దాటడానికి ఒక చెక్క. ఆ చెక్క దాటడమే మా మెస్‌కి ప్రవేశ పరీక్ష. ఓ మధ్యాహ్నం శోభనాచలం గారు పరీక్ష తప్పారు. ఒక కాలు మోకాలి దాకా కాలువలోకి దిగింది. ఎవరైనా అయితే నూకరత్నాన్ని తిడతారు. ఆయన కాలు పైకి తీయకుండా అలాగే ఉండిపోయి, లోపల పాదంతో తడిమి, కళ్లు పెద్దవి చేశారు.

"ఇటుకలు! వరసగా ఇటుకలు! వీధి వెంట కాలువ, కాలువ వెంట ఇళ్లు! అమ్మా, ఇది ఎవరిది?"

"మురుగాండి? అందరిదీనండి," అంది నూకరత్నం. "ముందు కాలు తియ్యండి సారూ, సాంబారు చల్లారిపోతంది."

"ఇది హరప్పా పద్ధతమ్మా!"

"ఆ పద్ధతేదో నాకు తెలీదండి. ఎవరు పడినా నా మెస్సులో కాలు కడుక్కోడానికి నీళ్లియ్యడం మా పద్ధతి. ఇదిగో చెంబు."

ఆయన కాలు కడుక్కోలేదు. అలాగే ఆఫీసుకెళ్లి అధ్యాయం మొదలుపెట్టారు. కాలువలోంచి తీసిన ఇటుక మీద మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అవి ఇటుక బట్టీ వాళ్ల ఇంటిపేరని ఊళ్లో అందరికీ తెలుసు. శోభనాచలం గారు మాత్రం "లిపి ఇంతవరకు చదవబడలేదు" అని రాశారు.

మా ఊరి సంస్కృతం పంతులుగారొకరు ఈ సంగతి విని, ప్రణాళిక అంటే అసలు అర్థం నీళ్లు పోయే కాలువేనని సెలవిచ్చారు. ఆ లెక్కన మా ఊరికి ప్రణాళిక లేదనడం అభాండం. ఉంది. పూడిపోయింది, అంతే.

వారం తిరక్కుండా మెస్ ముందు బోర్డు లేచింది: "సంరక్షిత ప్రాచీన మురుగు. తాకరాదు, తీయరాదు, కప్పరాదు. అతిక్రమించినవారికి జైలు." కాలువకి అటూ ఇటూ తాడు కట్టారు. కాపలాకి ఒక మనిషిని వేశారు. పారని నీటికి పారా!

సరిగ్గా అదే వారం నూకరత్నానికి ఇంకో నోటీసు వచ్చింది. అదీ మునిసిపాలిటీదే. ఆరోగ్య విభాగంది. "మూత లేని మురుగుకాలువ పక్కన భోజనశాల నడుపుట ప్రజారోగ్యమునకు భంగకరము. వానలు మొదలగులోపు సదరు కాలువకు మూత వేయించుకొననిచో భోజనశాలకు సీలు వేయబడును."

రత్నానికి ఆ మెస్సే ఇల్లు, ఆ మెస్సే పొలం, ఆ మెస్సే పెన్షన్. ఒక చేతిలో ఒక నోటీసు, ఇంకో చేతిలో ఇంకో నోటీసు పట్టుకుని ఆఫీసుకు బయల్దేరింది. సాక్షిగా నన్ను తోడు రమ్మంది. ప్రణాళిక విభాగం, ఆరోగ్య విభాగం ఒకే గదిలో ఉంటాయి. మధ్యలో ఒక బీరువా. రెండు విభాగాలకీ కలిపి ఒకే ఫ్యాను. ఇటు శోభనాచలం గారు, అటు శానిటరీ ఇన్‌స్పెక్టర్ దావీదు గారు.

"ఏంటండి ఇది?" అంది రత్నం. "ఈ కాయితంలో మూతెయ్యమన్నారు. ఈ కాయితంలో మూతేత్తే జైలన్నారు. రెంటి కిందా ఒకటే సీలు. నేనేం చెయ్యాలండి, సగం మూతెయ్యనా?"

దావీదు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఆరోగ్యరీత్యా మూత అనివార్యమమ్మా."

బీరువా ఇవతలినుంచి శోభనాచలం గారు: "చరిత్రరీత్యా మూత నిషిద్ధమమ్మా."

"మరి నా బతుకురీత్యా అండి?"

ఇద్దరూ ఒకేసారి అన్నారు: "అది మా విభాగం పరిధిలోకి రాదు."

వాళ్లిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క విషయంలోనే.

రత్నం వదల్లేదు. "సారూ, ఆ హరప్పావోళ్లు కాలువలకి మూతేశారాండి, లేదాండి?"

శోభనాచలం గారు నిజాయితీపరులు. "వేశారు. ఇటుకలతో, బండలతో చక్కగా కప్పేవారు."

"మరి దీనికి మూతేదండి?"

"కాలగర్భంలో కలిసిపోయింది. మూత లేకపోవడమే ఇది ప్రాచీనమనడానికి తిరుగులేని ఆధారం."

"వాళ్లు పూడిక తీసేవోళ్లాండి?"

"తీసి ఉండవచ్చు. అయితే తీసిన పూడిక దొరకలేదు గనక ఆధారం లేదు."

బయటికొచ్చాక దావీదు గారు వెనకే వచ్చి గొంతు తగ్గించారు. ఆయన కూడా మెస్‌లోనే తింటారు. "రత్నమ్మా, వానలు పడేలోపు మూత పడకపోతే తాళం పడుద్ది. సీలు నా చేత్తో నేనే వెయ్యాలి. ఆనక నేను ఎక్కడ తినాలో కూడా నువ్వే చెప్పు."

"మీ ఆఫీసులోనే తినండి. అక్కడ అందరూ అదేగా చేసేది," అంది రత్నం, నడక ఆపకుండా.

ఎండలు ముదిరినకొద్దీ చరిత్ర కూడా ముదిరింది. దాని వాసన రైలు గేటు దాకా కొట్టింది. పురావస్తు శాఖ అంటారు గానీ మాకు పురావాసన శాఖ అని పెట్టాల్సింది. శోభనాచలం గారు పూడికని పొరలు పొరలుగా విభజించి, పుల్లలు గుచ్చి, చీటీలు కట్టారు. పై పొర ఆధునిక యుగం: గుట్కా పొట్లాలు. మధ్య పొర మధ్య యుగం: క్యారీ బ్యాగులు. అడుగు పొర ప్రాచీన యుగం: వేపపుల్లలు. బడి పిల్లల్ని తీసుకొచ్చి చూపించారు. ముక్కు మూసుకున్న పిల్లలకి, ముక్కు మూసుకోవడం చరిత్రను అవమానించడమేనని చెప్పి చేతులు దింపించారు.

దోమలు పెరిగాయి. ఊళ్లో మిగతా వీధులకి పొగ యంత్రం వచ్చింది, మా వీధికి రాలేదు. దోమ ఆ కాలువకి ఆదిమ నివాసి అని, పొగ వేస్తే సహజ వాతావరణం చెడుతుందని తీర్మానించారు. వీధిలో సగం ఇళ్లలో జ్వరాలు. ప్లానులో రెసిడెన్షియల్ జోన్, కమర్షియల్ జోన్ ఉంటాయని విన్నాను. మాది జోరీగల జోన్. మెస్‌కి వచ్చేవాళ్లు సగమయ్యారు. వచ్చినవాళ్లు ఒక చేత్తో ముద్ద కలిపి, రెండో చేత్తో దోమల్ని తోలుకుంటూ తిన్నారు. రత్నం మాత్రం తలుపు దగ్గర సాంబ్రాణి వేసి, "కాసేపు ఓపిక పట్టండి బాబూ, మనం హరప్పాలో ఉన్నాం," అని వడ్డించేది.

చరిత్రలో ఉన్నది ఆచరణలో ఉండాలి కదా. అందుకని కొత్త లేఅవుట్లకి కూడా షరతు పెట్టారు: పారని కాలువ చూపిస్తేనే అనుమతి. ఒక లేఅవుటు వాడు పొరపాటున నీళ్లు చక్కగా పారే కాలువ కట్టాడు. "ఊరి సంప్రదాయానికి విరుద్ధం" అని రాసి ఫైలు తిప్పి పంపారు. వాడు రెండు లారీల చెత్త దింపి మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నాడు, వెంటనే అనుమతి వచ్చింది. ఊరిని మెరుగుపరచమంటే మురుగుపరచడం ఇదే. రోడ్డు పక్కన కొత్త హోర్డింగులు లేచాయి: "చారిత్రక డ్రైనేజీ సౌకర్యం కలదు."

మా అధ్యాయం రాజధానిలో మొదటి స్థానంలో నిలిచింది. మంత్రిగారు స్వయంగా వచ్చి మా మురుగును జాతికి అంకితం చేస్తారని కబురొచ్చింది.

ఏర్పాట్ల కమిటీ చర్చలకి నూకరత్నం మెస్‌నే ఎంచుకుంది. కాలువ చూసినట్టూ ఉంటుంది, భోజనం చేసినట్టూ ఉంటుంది. కమిషనర్‌గారు, శోభనాచలం గారు, దావీదు గారు వరసగా కూర్చున్నారు. ఇటు గోడ, అటు కాలువ, మధ్యలో సందు. మంత్రిగారు ఎక్కడ నిలబడాలి, శిలాఫలకం ఎక్కడ పెట్టాలి? అదీ సమస్య. అప్పడాలు అయిపోయాయి గానీ సమస్య తెగలేదు.

మా ఊళ్లో శిలాఫలకాల సంగతి వేరే చెప్పాలి. వంతెన లేని చోట వంతెన ఫలకం ఉంది. ఆసుపత్రి లేని చోట ఆసుపత్రి ఫలకం ఉంది. శిల ఉంటుంది, ఫలకం ఉంటుంది, ఫలం ఒక్కటే ఉండదు. అయితే ఒక మాట. ఆక్రమణలు తొలగించినప్పుడు గుడిసెలు పోయాయి, బడ్డీలు పోయాయి, ఫలకానికి అడ్డమని చెట్లు కూడా పోయాయి. ఫలకం మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వంటింటి కిటికీలోంచి ఆ తొలగింపులన్నీ చూసిన మనిషి రత్నం.

చారు వడ్డిస్తూ, తనకేం పట్టనట్టు అంది. "నాకు తెలీక అడుగుతానండి. కాలువ మనదే, మంత్రిగారూ మనోరే. కాలువ పక్కన ఎక్కడో నిలబడితే ఆయనకేం హోదా అండి? కాలువ మీదే నిలబడితే ఫొటోలో ఇద్దరూ పడతారు కదండీ."

కమిషనర్‌గారు ముద్ద ఆపారు. "కాలువ మీద ఎలా నిలబడతారమ్మా?"

"చెక్కేత్తే విరుగుద్దండి. ఈ సారు పడ్డ చెక్కే కదా అది. కాంక్రీటు పలకైతే గట్టిగా ఉంటది. ఫలకం కూడా ఆ పలకకే దిగ్గొట్టేత్తే, అటూ ఇటూ పోకుండా ఉంటది. ఇంకొంచెం చారు పొయ్యమంటారా?"

శోభనాచలం గారు ఉలిక్కిపడ్డారు. "కప్పరాదు! బోర్డు నేనే పెట్టించాను!"

"ప్రోటోకాల్ రీత్యా మంత్రిగారు గాల్లో నిలబడజాలరు," అన్నారు కమిషనర్‌గారు. "పలక తాత్కాలికం. మెస్ వెడల్పు మేరకే. సభ కాగానే తొలగించబడును."

తాత్కాలికం అన్న మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది. మా మునిసిపాలిటీ ఆఫీసు కూడా తాత్కాలికంగానే అద్దె ఇంట్లో పెట్టారు. నా బాల్యంలో.

ఇక్కడే మా వాళ్లు, తాము మాత్రమే చేయగల పొరపాటు చేశారు. మంత్రి వస్తున్నాడంటే మా పారిశుద్ధ్య విభాగానికి చేతులు ఆగవు. ఎందుకొస్తున్నాడు, ఏం చూడ్డానికొస్తున్నాడు అని అడిగే అలవాటు లేదు. వస్తున్నాడంటే చాలు, ఊడ్చేస్తారు. సభకి ముందు రోజు దావీదు గారి మనుషులు దిగారు. తాడు తీసి, బోర్డు పక్కన పెట్టి, కాలువని అడుగు దాకా తవ్వి, నీళ్లు కొట్టి కడిగి, పలక పరిచి, వీధికి రెండు వైపులా ముగ్గులాగా బ్లీచింగ్ పౌడరు గీతలు గీశారు. కాలువలో నీళ్లు చాలా ఏళ్ల తర్వాత కదిలాయి. ఎటు పోవాలో మరిచిపోయి, కాసేపు తటపటాయించి, చివరికి పల్లానికే పోయాయి.

మర్నాడు ఉదయం శోభనాచలం గారు వచ్చి పలక కిందికి వంగి చూశారు.

"దావీదూ, నా మధ్య యుగం ఏది?"

"మొదటి ట్రాక్టర్లో వెళ్లిపోయిందండి."

"ప్రాచీన యుగం?"

"రెండో ట్రిప్పులో వెళ్లిందండి. చీటీలు మాత్రం జాగ్రత్త చేశాం. ఇవిగో."

ఆయన ఆ చీటీల్ని గుండెకి హత్తుకోవడం చూసి నాకు కూడా బాధేసింది. మనిషి మంచివాడే. నిన్నటిదాకా ఒక నాగరికతకి అధికారి, ఇవాళ మూడు చీటీలకి అధికారి.

మంత్రిగారు వచ్చారు. పలకెక్కారు. తెర లాగారు. ఫలకం మీద ఆయన పేరు పెద్దక్షరాలతో, మురుగు పేరు చిన్నక్షరాలతో ఉంది. మైకు ముందు నిలబడి అటు చూశారు, ఇటు చూశారు, మైకు చేత్తో మూసి అడిగారు. "కాలువ ఏదయ్యా?"

"తమరి పాదాల కిందే ఉందండీ," అన్నారు కమిషనర్‌గారు.

మంత్రిగారు పొంగిపోయారు. "చరిత్ర నా పాదాల కింద ఉంది!" అని మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా దిగలేదు. పలక గట్టిదని ఆ రోజే తేలిపోయింది.

సభ అయిన మర్నాడు శోభనాచలం గారు గునపాలతో మనుషుల్ని తీసుకొచ్చారు. పలక తీసేసి, డంపింగ్ యార్డు నుంచి పూడికను ట్రాక్టర్లలో వెనక్కి తెప్పించి, పొరల క్రమం తప్పకుండా "పునఃప్రతిష్ఠ" చేయాలని ఆయన ఉద్దేశం. ట్రాక్టరు అప్పుడే గేటు దగ్గర ఆగి ఉంది. గేటు పడి ఉంది.

రత్నం వంటింట్లోంచి గరిటెతోనే బయటికొచ్చింది. 

"తియ్యండి బాబూ. ప్రభుత్వం పలక, ప్రభుత్వం గునపం, మధ్యలో నేనెవర్ని? కాపోతే మొదటి పోటు ఎవరు వేత్తారో ముందుకొచ్చి, రాయి మీద పేరు పైకి చదివి, ఆనక వెయ్యండి. మా వీధోళ్లందరూ చూత్తన్నారు. ఆ పైనింటి కుర్రోడు ఫోన్లో ఫొటో కూడా తీత్తన్నాడు."

గునపం పట్టినవాడు పేరు చదివాడు. గునపం నెమ్మదిగా పక్కవాడికి అందించాడు. పక్కవాడు శోభనాచలం గారికి అందించాడు. ఆయన దాన్ని కాసేపు పట్టుకుని, "పై అధికారుల అనుమతి నిమిత్తము," అంటూ గోడకి ఆనించారు. ఆ ఫైలు కమిషనర్ దగ్గరికి వెళ్లింది. ఆయన "చర్చించండి" అని రాశారు. జిల్లాలోనూ "చర్చించండి" అని రాశారు. రాజధానిలో ఎవరో మరీ జాగ్రత్తపరుడు "చర్చించవద్దు" అని రాశాడు.

మొదటి వాన పడింది. మెస్‌లోకి నీళ్లు రాలేదు. దావీదు గారు వచ్చి "మూత ఉన్నట్లు గమనించడమైనది" అని రాసి, నోటీసు వెనక్కి తీసుకుని, పెరుగన్నం రెండోసారి అడిగారు. ఎండ కాసిన రోజున పలక మీద రత్నం వడియాలు ఆరేసుకుంది. మంత్రిగారి పేరుకి ఎండ తగలకుండా ఒక చాట అడ్డం పెట్టింది. అది గౌరవమో వడియాల చాటో ఎవరికీ తెలియలేదు.

అయితే వడియాలు శాశ్వతం కాదు, మంత్రులూ కాదు. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. పదవిలో ఉన్నన్నాళ్లు ఎవరూ తాకని రాయిని పదవి పోగానే ముందుగా తాకేది గెలిచినవాళ్లే. గెలిచిన పార్టీ కుర్రాళ్లు సుత్తులతో వీధిలోకొచ్చారు. ముందు బుల్లబ్బులు అనే వార్డు నాయకుడు, మెడలో ఇంకా వాడని దండ.

"ఇదేనా రాయి? కొట్టండ్రా!"

ఈసారి రత్నం పరిగెత్తుకొచ్చింది. నేను ఎంగిలి చేత్తోనే వెనక వచ్చాను. రాయి పగిలితే పలక పగులుతుంది. పలక పగిలితే బోర్డు మళ్లీ లేస్తుంది. శోభనాచలం గారు ఆ మూడు చీటీల్ని జేబులోనే పెట్టుకు తిరుగుతున్నారు.

"కొట్టండి బుల్లబ్బులుగారూ, మీ రోజు," అంది రొప్పుతూ. "కాపోతే ఒక్క మాటండి. రాయి పగిల్తే కిందది పగులుద్ది. రేపు మీ మంత్రిగారొచ్చేసరికి మురుగు బయటపడి ఉంటది. మీ ప్రభుత్వం వచ్చింది, మురుగు తెచ్చిందంటారండి జనం. నేననను. జనం అంటారు."

బుల్లబ్బులు సుత్తి దించాడు. "మరైతే ఈ పేరిలాగే ఉండాలా?"

"ఎందుకుండాలండి? తిరగెయ్యండి. వెనకాల నున్నగా ఉంటది. దింపుతున్నప్పుడు నేను చూశాను. మీ నాయకుడి పేరు అటేపు చెక్కించండి. పాతాయన మొహం గోడకేసి ఉంటది, మీకు అదో సరదా."

ఆ చివరి మాట బుల్లబ్బులుకి బాగా నచ్చింది. రాయిని తిరగేశారు. కొత్త మంత్రిగారు వచ్చి అదే పలకెక్కి అదే కాలువని మళ్లీ జాతికి అంకితం చేశారు. ఒకే మురుగు జాతికి రెండుసార్లు అంకితమైంది. జాతి రెండుసార్లూ స్వీకరించింది. శోభనాచలం గారు తన అధ్యాయానికి "ద్విముఖ శాసనం" అనే అనుబంధం రాసుకుని కొంత తేరుకున్నారు.

ఆ రోజు మధ్యాహ్నం జనం తగ్గాక, నేను చివరి పంక్తిలో కూర్చున్నాను. మజ్జిగ పోస్తున్న రత్నాన్ని అడిగాను.

"రాయికి రెండు మొహాలేగా రత్నమ్మా. రేపు మూడో పార్టీ వాళ్లొస్తే ఏం చేస్తావు?"

ఆమె గిన్నె పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, కాలువ పొడుగునా ఒకసారి చూసింది.

"రానీండి బాబుగారూ. పక్కన టైలరు కొట్టు ముందింకా మూత పడలేదు కదండీ."